గాంధీ గారి బిల్లు తిప్పి పంపిన ఆడిటరు

మన ఉద్యోగ జీవితమంతా బిల్లులు, వోచర్లు, ఆడిట్ అభ్యంతరాల నడుమే గడిచింది. ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని గురించి రాయమని కార్యదర్శి గారు కోరగానే నాకు తట్టిన పేరు కూడా ఒక ఆడిటరుదే. ఆయన జె.సి. కుమారప్ప గారు.

కుమారప్ప గారు 1892 జనవరి 4న తంజావూరులో ఒక క్రైస్తవ కుటుంబంలో జన్మించారు. తండ్రి మద్రాసు ప్రభుత్వ పబ్లిక్ వర్క్స్ శాఖ ఉద్యోగి. లండనులో అకౌంటెన్సీ చదివి బొంబాయిలో ప్రాక్టీసు పెట్టారు. తర్వాత అమెరికాలో, కొలంబియా విశ్వవిద్యాలయంలో చదువుతూ బ్రిటిషు ప్రభుత్వ పన్నులకూ మన పేదరికానికీ ఉన్న సంబంధాన్ని లెక్క కట్టారు. ఆ వ్యాసంతో 1929 మేలో సబర్మతి వెళ్లారు. చెట్టుకింద నూలు వడుకుతున్న ముసలాయనే గాంధీ గారని ఈ సూటు దొర మొదట పోల్చుకోలేదట!

1934 జనవరి 15న బీహారులో భూకంపం వచ్చింది. రాజేంద్ర ప్రసాద్ గారికి తోడుగా సహాయనిధి లెక్కలు కుమారప్ప గారు చూశారు. కార్యకర్తకు రోజుకు మూడణాలే ఖర్చని కట్టడి చేశారు. ఇంతలో గాంధీ గారు పరివారంతో వచ్చారు. వారి పాలు, పండ్లు, కార్ల పెట్రోలు ఖర్చు నిధినుంచి ఇవ్వడం కుదరదని మహాదేవ దేశాయి గారికి చెప్పేశారు. నేనైతే మా ఆఫీసరు గారి టి.ఏ. బిల్లు మీద కొర్రీ వేయడానికే వణికేవాణ్ని. గాంధీ గారు నొచ్చుకోలేదు సరికదా, ఆ ఏడాది డిసెంబరులో పెట్టిన అఖిల భారత గ్రామ పరిశ్రమల సంఘాన్ని ఆయన చేతిలోనే పెట్టారు.

వార్ధాలోని మగన్‌వాడి ఆయన కార్యస్థానం. గానుగ నూనె, దంపుడు బియ్యం, తాటి బెల్లం, తేనె, చేతి కాగితం, కిరసనాయిలు అక్కరలేని మగన్ దీపం - అన్నిటికీ అక్కడ ప్రయోగాలు, లెక్కలు. నూనె సంగతే చూడండి. గింజలు పట్నం మిల్లుకు పోతే నూనె డబ్బాలో తిరిగి వస్తుంది, తెలగపిండి రాదు. పశువుకు మేత పోయె, పొలానికి ఎరువు పోయె, గానుగవాడికి పని పోయె. ఈ మూడు నష్టాలూ మిల్లు ఖాతాలో పడవు గనుకనే ఆ నూనె చవక. బీడుల్లో పెరిగే తాటిచెట్ల నుంచి బెల్లం తీస్తే చెరకు వేసే మాగాణి తిండిగింజలకు మిగులుతుందనీ ఆయన వాదించారు.

1942 ఉద్యమంలో అరెస్టయి జబల్పూరు జైలులో ‘ఎకానమీ ఆఫ్ పెర్మనెన్స్’ రాశారు. బొగ్గు, పెట్రోలు తవ్వేకొద్దీ తరిగే నిల్వ. అడవి, పంట, నదీజలం ఏటా వచ్చే రాబడి. నిల్వ మీద బతికే వ్యాపారం చివరకు యుద్ధాలకు దారితీస్తుందన్నారు. అసలు ముట్టకుండా వడ్డీతో నెట్టుకొచ్చే మన పెన్షనర్లకు ఇది విడమరచి చెప్పాలా?

నా సెక్షనులో టెండర్లు విప్పేవాళ్లం. తక్కువ రేటు వారికి సిఫారసు చేస్తూ నోట్ పెట్టడం నా పని. కూలీకి ఎంత ఎగ్గొడితే ఆ రేటు వచ్చిందో, కంకర ఏ గుట్టను తొలిచి తెచ్చారో ఫైలులో గడి లేదు. నేనూ అడగలేదు. రిటైరయ్యాక కుమారప్ప గారిని చదివి, ఆ నోట్లు తలచుకుని నిద్రపట్టని రాత్రులున్నాయి. మార్కెట్ విలువలో మొదటి వెయ్యి లిస్టెడ్ కంపెనీలు పర్యావరణం, కార్మికుల సంగతులపై ఏటా నివేదిక ఇవ్వాలని 2022-23 నుంచి సెబీ నియమం పెట్టింది. మా మనవడు అదేదో కొత్త విద్య అన్నట్లు చెబుతాడు.

ఆయన చెప్పిందంతా నేను ఒప్పుకోను. గానుగ నూనె ఖరీదు ఎక్కువ, గుమాస్తా జీతంతో ఎలా కొనడం? సరుకు ఎలా తయారైందో తెలుసుకునే బాధ్యత కొనేవాడికీ ఉందని ఆయన జవాబు. మా ఇంట్లో మిల్లు నూనే వాడాం.

స్వాతంత్ర్యం వచ్చాక కాంగ్రెసు వ్యవసాయ సంస్కరణల సంఘానికి అధ్యక్షులయ్యారు. మన ఎన్.జి. రంగా గారు అందులో సభ్యులై అసమ్మతి రాశారు. భారీ పరిశ్రమల దారి పట్టిన ప్రభుత్వంతో పొసగక కుమారప్ప గారు మదురై దగ్గర కల్లుపట్టిలోని గాంధీ నికేతన్ ఆశ్రమం చేరారు. 1960లో, గాంధీ గారు పోయిన జనవరి 30వ తేదీనే కన్నుమూశారు. ఆయన గదిలో గాంధీ గారి పటంతోపాటు ఒక పేద రైతు పటం ఉండేదట. ఎవరని అడిగితే, తన గురువు గారికి గురువని చెప్పేవారట.