తోటలను పాడిన నగర నిర్మాత

నగరాలను నిర్మించిన రాజులు చరిత్రలో ఎందరో ఉన్నారు. తాము నిర్మించిన నగరాన్నే కవితావస్తువుగా స్వీకరించి, దాని పండుగలను, తోటలను, ఫలాలను గానం చేసిన రాజులు మాత్రం అరుదు. అట్టి వారిలో గోల్కొండ సుల్తాను మహమ్మద్ కులీ కుతుబ్ షా అగ్రగణ్యుడు.

కులీ 1565లో జన్మించాడు. తండ్రి ఇబ్రహీం కుతుబ్ షా రాజ్యానికి రాకముందు ఏడేండ్లు విజయనగరంలో ఆశ్రయం పొంది, అక్కడ తెలుగు కవిత్వపు మాధుర్యాన్ని చవిచూశాడు. తెలుగు కవులు ఆయనను మల్కిభరాముడని ఆప్యాయంగా పిలుచుకున్నారు. అద్దంకి గంగాధర కవి తన 'తపతీ సంవరణోపాఖ్యానము'ను ఆయనకే అంకితమిచ్చాడు. ఇట్టి వాతావరణంలో పెరిగినందువల్ల కులీకి ఈ నేలపైన, ఈ ప్రజల నుడికారంపైన సహజమైన మమకారం ఏర్పడింది.

1580లో, పదిహేనవ యేట, కులీ సింహాసనం అధిష్ఠించాడు. గోల్కొండ కోట అప్పటికే జనసమ్మర్దంతో ఇరుకైపోయింది. తండ్రి కాలంలో, 1578లో, మూసీనదిపై వంతెన నిర్మితమైంది. నేడు పురానాపూల్‌గా ప్రసిద్ధమైన ఆ వంతెన దక్షిణ తీరానికి దారి చూపింది. మంత్రి మీర్ మోమిన్ సహకారంతో కులీ 1591లో ఆ తీరాన నూతన నగరానికి పునాది వేశాడు. చార్మినార్ కేంద్రంగా నాలుగు దిక్కులకు రాజవీథులు సాగాయి. వాటి వెంట అంగళ్ళు, భవనాలు, తోటలు వెలిశాయి. 1595లో రోగుల కోసం దారుల్‌షిఫా అనే వైద్యాలయం నిర్మితమైంది. ఆ నగరమే హైదరాబాదు.

ఆనాటి రాజసభలలో పారశీకానికే గౌరవం ఎక్కువ. అయినప్పటికీ కులీ తన కవిత్వంలో అధిక భాగాన్ని ప్రజలు మాట్లాడుకునే దక్కనీ భాషలోనే రచించాడు. అందులో తెలుగు పదాలు కూడా చోటుచేసుకున్నాయి. వసంతోత్సవం, మృగశిర కార్తె వానలు, రాజభవనాలు ఆయనకు కవితావస్తువులయ్యాయి. మహమ్మద్ షాహీ ఉద్యానాన్ని వర్ణిస్తూ ద్రాక్ష, దానిమ్మ, కొబ్బరి, నేరేడు వంటి ఫలాల సొగసును కీర్తించాడు. తన నగరం జనంతో కళకళలాడాలని భగవంతుణ్ణి ప్రార్థించాడు.

1612లో కులీ మరణించాడు. మేనల్లుడా కాదు, అన్నదమ్ముల బిడ్డ, అల్లుడు కూడా అయిన మహమ్మద్ కుతుబ్ షా ఆయన కవితలను సంపుటంగా కూర్పించాడు. 1687లో గోల్కొండ మొగలాయిల వశమైంది. కాలక్రమంలో కులీ నిర్మించిన మేడలు, పెంచిన తోటలు చాలావరకు నశించాయి. కవితలు మాత్రం నిలిచాయి. 1940లో మొహియుద్దీన్ ఖాద్రీ జోర్ వాటిని పరిష్కరించి ప్రకటించగా, ఆనాటి నగర జీవనం మరల కన్నులకు కట్టింది.

జనంతో నిండాలన్న కులీ కోరిక నేడు సంపూర్ణంగా నెరవేరింది. ఆయన మురిసిపోయిన పచ్చదనం మాత్రం నానాటికీ తరిగిపోతున్నది. నగరంలోని ఎన్నో పేటల పేర్ల చివర 'బాగ్' అనే మాట మిగిలింది, తోట మిగలలేదు. నగరమంటే జనమూ భవనాలూ మాత్రమే కాదనీ, ఆ జనానికి నీడనిచ్చే చెట్లు కూడా అందులో భాగమేననీ నాలుగు శతాబ్దాల క్రితమే ఆ కవిరాజు గుర్తించాడు. ఆ సత్యాన్ని గ్రహించి, మిగిలిన పచ్చదనాన్ని కాపాడుకోవడమే మనం ఆయనకు అర్పించగల నిజమైన నివాళి.