ముఖాలు తిరిగి ఇచ్చిన డాక్టరు

ప్లాస్టిక్ సర్జరీ అనగానే మన హాస్టల్లో ఎవరికైనా ముందుగా గుర్తొచ్చేవి సినిమాతారల ముక్కులే. ముక్కులో ఏదో ప్లాస్టిక్ ముక్క పెడతారు కాబోలునని నమ్మే మిత్రులు కూడా నాకున్నారు. నిజానికి ఆ పేరు మన ప్లాస్టిక్ బకెట్ల కంటే చాలా పాతది. మలచడం అనే అర్థమున్న గ్రీకు మాటలోంచి వచ్చింది. మట్టిని మలిచినట్టు మాంసాన్నీ చర్మాన్నీ మలచడమన్నమాట. ఆ విద్యకు ఈ కాలపు రూపమిచ్చిన సర్ హెరాల్డ్ గిలీస్ సంగతి మన సంచికలో చెబుదామని చాలా రోజులుగా అనుకొంటున్నాను.

ఆయన 1882 జూన్ 17న న్యూజిలాండులోని డునెడిన్‌లో పుట్టాడు. ఎనిమిదిమంది పిల్లల్లో ఆఖరివాడు. నాలుగేళ్ళయినా నిండకుండానే తండ్రి పోయాడు. చిన్నతనంలో మెట్ల పక్క కమ్మీ మీద జారుతూ పడి మోచెయ్యి విరగ్గొట్టుకొన్నాడు. ఆ చెయ్యి మళ్ళీ మునుపటిలా వంగలేదు. ఆ చేత్తోనే కేంబ్రిడ్జిలో చదువుతూ 1904లో ఆక్స్‌ఫర్డు మీద పడవ పందెంలో తెడ్డు వేశాడు, గోల్ఫులో ఇంగ్లండు తరఫున ఆడాడు. ఆటలాడితే చదువు చెడుతుందనే మన లెక్చరర్లు ఈ వాక్యాన్ని కాస్త నిదానంగా చదవాలని మనవి. లండన్ సెయింట్ బార్తలోమ్యూ ఆస్పత్రిలో వైద్యం నేర్చి, 1910లో ఎఫ్.ఆర్.సి.ఎస్. అయి, చెవి ముక్కు గొంతు డాక్టరుగా కుదురుకొన్నాడు. 1914లో యుద్ధం రాకపోతే అలాగే హాయిగా ఉండిపోయేవాడేమో.

ఆ యుద్ధం కందకాల యుద్ధం. ఒళ్ళంతా గోతిలో దాగి ఉండేది, తల ఒక్కటే పైకి లేచేది. అంచేత దెబ్బలు ముఖానికే తగిలేవి. 1915లో ఫ్రాన్సుకు వెళ్ళిన గిలీస్, చితికిన దవడలు బాగుచేసే వలాడియే అనే దంతవైద్యుడి పని చూసి ఆశ్చర్యపోయాడు. కాని ఆయన జీవితాన్ని తిప్పేసింది సైనికుడి గాయం కాదు, ఒక కాన్సరు రోగి ముఖం. 1915 జూన్‌లో పారిస్ వెళ్ళి మోరెస్తాన్ అనే సర్జన్ ఆపరేషను చూశాడు. కాన్సరు తినేసిన సగం ముఖాన్ని మోరెస్తాన్ కోసి తీసేశాడు. అక్కడితో ఆగకుండా, మెడ మీది చర్మాన్ని పైకి తిప్పి చెంపా, ముక్కు పక్కా, పెదవీ ఒకే ఊపులో కట్టేశాడు. గిలీస్ అక్కడికక్కడే ఆ పని మీద మనసు పారేసుకొన్నాడు.

అందులో అంత అబ్బురమేముంది? చర్మాన్ని ముక్కగా కోసి ఎక్కడ పడితే అక్కడ అతికిస్తే సరిపోదు. పలుచని పొర అయితే కింది కండలోని రక్తం పీల్చుకొని బతుకుతుంది. దళసరి ముక్క అయితే కుళ్ళిపోతుంది. అందుకని మూడు వైపులా కోసి నాలుగోవైపు వదిలేస్తారు. ఆ తొడిమలోంచి రక్తం వస్తూంటుంది. మల్లెతీగను అంటు తొక్కడం చూశారు కదా? కొమ్మను వంచి మట్టిలో పాతిపెడతాం, అది వేళ్ళూనే దాకా తల్లితీగనుంచి తెంపం. ఇదీ అంతే.

ఈ కిటుకు మన దేశానికి కొత్త కాదు. కోసేసిన ముక్కును చర్మంతో తిరిగి కట్టే పద్ధతి సుశ్రుత సంహితలో ఉంది. 1792లో టిప్పు సైన్యానికి చిక్కి ముక్కు పోగొట్టుకొన్న కావస్జీ అనే బండివాడికి పూనా దగ్గర ఒక కుమ్మరి కులస్థుడు నుదుటి చర్మం దించి ముక్కు చేశాడు. ఆ సంగతి 1794లో లండన్ పత్రికలో బొమ్మతో సహా పడింది. అది చదివిన కార్ప్యూ అనే డాక్టరు శవాల మీద సాధన చేసి, 1814లో లండన్‌లో అదే ఆపరేషను చేశాడు. ఆ కుమ్మరి పేరు మాత్రం ఎవరూ రాసిపెట్టలేదు.

గిలీస్ పారిస్ నుంచి వచ్చి పైఅధికారుల వెంటపడ్డాడు. 1916 జనవరిలో ఆల్డర్‌షాట్ సైనికాస్పత్రిలో ముఖ గాయాలకు ప్రత్యేక వార్డు దొరికింది. రోగులు తన దగ్గరికి వస్తారో రారోనని, సొంత డబ్బు పది పౌన్లు పెట్టి కాగితపు చీటీలు కొన్నాడు. వాటి మీద తన చిరునామా రాయించి యుద్ధ కార్యాలయానికి పంపాడు, గాయపడ్డవాళ్ళకు కట్టి పంపమని. చీటీలు పనిచేశాయి. ఆ జూలైలో సోమ్ యుద్ధం మొదలైనప్పుడు 200 మందికి ఏర్పాటు చేసుకొంటే సుమారు 2,000 మంది వచ్చిపడ్డారు. ఆ తాకిడికి 1917లో సిడ్‌కప్‌లో క్వీన్స్ ఆస్పత్రి వెలిసింది. అక్కడ 5,000 మందికి పైగా సైనికులకు 11,000కు పైగా ఆపరేషన్లు జరిగాయి. వార్డుల్లో అద్దాలుండేవి కావు. ఊళ్ళోకి వెళ్ళే దారిలో కొన్ని బెంచీలకు నీలిరంగు వేశారు. అక్కడ కూర్చున్నవాడి ముఖం చూసి ఉలిక్కిపడవద్దని ఊరివాళ్ళకు అదొక గుర్తు. సర్జనుగా ఉండి చిత్రకారుడైన హెన్రీ టాంక్స్ రోగుల ముఖాలు పాస్టెల్ రంగుల్లో గీసిపెట్టేవాడు.

1917 అక్టోబరు 3న విలీ వికరేజ్ అనే నావికుడికి ఆపరేషను జరిగింది. జట్లాండ్ యుద్ధంలో ముఖం కాలిపోయినవాడు. ఛాతీ నుంచి లేపిన చర్మపు పట్టీల అంచులు వాటంతటవే లోపలికి చుట్టుకొంటూ ఉండడం గిలీస్ కంటబడింది. ఆ అంచులు కలిపి కుట్టేస్తే? గొట్టమవుతుంది. పచ్చి మాంసం లోపలుంటుంది, చీము పట్టదు, రక్తం సాఫీగా నడుస్తుంది. ఒడెస్సాలో ఫిలాతోవ్ అంతకు ముందే ఈ పని చేసి ఉన్నాడు గాని ఆ సంగతి గిలీస్‌కు తెలియదు.

అన్నీ విజయాలే కావు. ముఖమంతా కాలిన ఒక యువ వైమానికుడికి ఛాతీ నుంచి పెద్ద చర్మం ఒకేసారి తెచ్చి వేశాడు. అది కుళ్ళిపోయింది. 1918లో ఆ కుర్రవాడు చనిపోయాడు. తొందరలేని పనిని రేపటికి వాయిదా వెయ్యడమే మంచిదని గిలీస్ శిష్యులకు నూరిపోసేవాడు. నాకు మాత్రం ఆయన చేసిన అన్ని ఆపరేషన్ల కంటే ఈ ఓర్పే గొప్పగా కనిపిస్తుంది. మరో పట్టు కూడా ఉంది. ముందు మిగిలిన భాగాలను వాటి అసలు చోటికి చేర్చాలి, అప్పుడే పోయిందెంతో తేలుతుంది. ముక్కంటే పైచర్మం ఒక్కటే కాదు, లోపలి పొర, మధ్యన మృదులాస్థి కూడా. లోపలి పొర వెయ్యకుండా పైన కప్పితే కొన్నాళ్ళకు ముడుచుకుపోతుంది. మత్తుమందు ముసుగు ముఖాన్నే కప్పేస్తే సర్జన్ ఎక్కడ కోస్తాడు? యుద్ధం అయ్యాక సిడ్‌కప్‌లోనే మాగిల్, రోబాతం అనే ఇద్దరు డాక్టర్లు గాలిగొట్టంలోకి ట్యూబు దింపి మత్తు ఇచ్చే పద్ధతిని దారిలో పెట్టారు. నేడు ప్రతి ఆపరేషను థియేటరులోనూ అది ఉంది.

ఇంత దూరం చదివాక, ముఖం కోసం ఇంత తంటా అవసరమా అని ఎవరైనా అడగొచ్చు. మా ఇంట్లో అడిగారు. మా మేనత్తకు ముక్కు కొన మీద ఆవగింజంత పొక్కు లేచి, మానినట్టే మాని మళ్ళీ రేగుతూ ఏళ్ళు గడిచింది. పరీక్షచేస్తే చర్మ కాన్సరు, రోడెంట్ అల్సర్ అనే రకం. నల్లని చర్మం వాళ్ళకు ఇది అరుదే గాని రాకపోదు. మెల్లగా పాకుతుంది, దూరపు అవయవాలకు వెళ్ళడం చాలా తక్కువ, కాని ఉన్నచోట తవ్వుకుపోతుంది. చుట్టూ కాస్త మంచి చర్మంతో కలిపి కోసి, అంచుల్లో జబ్బు మిగల్లేదని మైక్రోస్కోపులో తేల్చుకొన్నారు. ప్రాణం దక్కింది, ఈ వయసులో ముక్కెందుకు అన్నారు పెద్దలు. ఆమె ఒప్పుకోలేదు. పెళ్ళికి పోతే పసుపు కుంకుమలు ఇచ్చేవాళ్ళు తన కళ్ళల్లోకి చూడాలి గాని చూపు తిప్పుకోకూడదంది. నుదుటి చర్మం దించి ముక్కుకు కుట్టారు. మూడు వారాలు ఆ తొడిమ కనుబొమ నుంచి ముక్కు దాకా తొండంలా వేలాడింది. తర్వాత కోసేశారు. అది పూనా కుమ్మరి చేసిన పనే, గిలీస్ సిడ్‌కప్‌లో సైనికులకు చేసిన పనే. ఆయన గొట్టాలను మాత్రం 1970ల తర్వాత, రక్తనాళాలను మైక్రోస్కోపు కింద కలిపి కుట్టే పద్ధతి చాలావరకు వెనక్కి నెట్టింది.

మిగతా జీవితం త్వరగా చెప్పేస్తాను. 1920లో ముఖ శస్త్రచికిత్స మీద ఆయన పుస్తకం వచ్చింది. 1930లో సర్ బిరుదు వచ్చింది. ఆ ఏడే న్యూజిలాండు నుంచి వచ్చిన బంధువు మెకిండోను పనిలో చేర్చుకొన్నాడు. రెండో యుద్ధంలో కాలిపోయిన వైమానికులకు ముఖాలిచ్చింది ఆ మెకిండోయే. గిలీస్ అప్పుడు బేసింగ్‌స్టోక్‌లోని రూక్స్‌డౌన్ హౌస్ నడిపాడు. 1946లో బ్రిటిష్ ప్లాస్టిక్ సర్జన్ల సంఘానికి మొదటి అధ్యక్షుడయ్యాడు. మన నోషిర్ ఆంటియా ఆయన దగ్గరే పని నేర్చుకొని, తిరిగొచ్చి కుష్ఠురోగుల చేతులూ ముఖాలూ బాగుచేశాడు. 1957లో శిష్యుడు మిలార్డ్‌తో కలిసి గిలీస్ ఇంకో పెద్ద గ్రంథం తెచ్చాడు. పారిస్‌లో చూసిన ఆ కాన్సరు ఆపరేషను సంగతి అందులో చెప్పుకొన్నాడు.

డెబ్బయ్యెనిమిదో ఏట కూడా కత్తి పట్టడం మానలేదు. 1960 ఆగస్టులో ఒక పద్ధెనిమిదేళ్ళ అమ్మాయి కాలికి ఆపరేషను చేస్తూండగా మెదడులో రక్తం గడ్డకట్టింది. సెప్టెంబరు 10న పోయాడు. టాంక్స్ గీసిన ముఖాలు లండన్ రాయల్ కాలేజ్ ఆఫ్ సర్జన్స్‌లో ఉన్నాయి. కొన్నింటికి జంటలున్నాయి, ఆపరేషనుకు ముందొకటి, తర్వాతొకటి.