గణితం చదివి భౌతికశాస్త్రానికి వెళ్లిన మేఘనాద్ సాహా

పదో తరగతి పరీక్షలు అవగానే మన హాస్టల్ వరండాలో ఒకటే చర్చ. ఎం.పి.సి.నా, బై.పి.సి.నా? మా ఇంట్లో అంతవరకు చదివిన వాళ్లు లేరు కాబట్టి ఎవరిని అడగాలో నాకు తెలియలేదు. ఏది త్వరగా ఉద్యోగం ఇస్తే అది తీసుకోమన్నాడు నాన్న. అప్పుడు నాకు తెలిసుంటే బాగుండేదనిపించే ఒక జీవితం గురించి తమ్ముళ్ల కోసం రాస్తున్నాను.

మేఘనాద్ సాహా 1893 అక్టోబర్ 6న ఢాకా దగ్గర శేవరాతలి అనే పల్లెలో పుట్టారు. తండ్రి జగన్నాథ్‌ది చిన్న కిరాణా కొట్టు, పిల్లలు ఎనిమిది మంది. ఊరి బడి చదువు అయ్యాక కొట్లో కూర్చోవలసిన పిల్లవాడే. పై బడి పది కిలోమీటర్ల దూరం. అనంత కుమార్ దాస్ అనే వైద్యుడు తన ఇంట్లో ఉచితంగా ఉండనిచ్చారు. తిన్న కంచం తనే కడుక్కోవాలి, ఆవును చూసుకోవాలి. జనపనార కంపెనీలో పనిచేసే అన్న జయనాథ్ తన 20 రూపాయల జీతంలో నెలకు 5 రూపాయలు పంపేవారు. జిల్లాలో మొదటి స్థానం వచ్చినందుకు 4 రూపాయల స్కాలర్‌షిప్ దొరికింది.

ఢాకా కాలేజియేట్ స్కూల్లో చేరాక, బెంగాల్ విభజన ఉద్యమ రోజుల్లో లెఫ్టినెంట్ గవర్నర్ రాకకు నిరసన తెలిపిన పిల్లల్లో ఉన్నందుకు ఆ స్కాలర్‌షిప్ పోయింది, బడీ పోయింది. స్కాలర్‌షిప్ ఒక్క నెల ఆలస్యమైతే ఏమవుతుందో మనకు వేరే చెప్పనక్కర్లేదు. వేరే బడిలో చేరి 1909లో ఎంట్రన్స్ రాసి తూర్పు బెంగాల్ విద్యార్థుల్లో మొదటివాడిగా నిలిచారు.

ఇంటర్‌లో భౌతిక, రసాయన, గణితశాస్త్రాలు, వాటికి తోడు జర్మన్ భాష. 1911లో కలకత్తా ప్రెసిడెన్సీ కాలేజీకి వెళ్లారు. అక్కడ రసాయనశాస్త్రం చెప్పేది ప్రఫుల్ల చంద్ర రాయ్, భౌతికశాస్త్రం చెప్పేది జగదీశ్ చంద్ర బోస్. అంతటి గురువులున్నా సాహా తీసుకున్నది గణితం ఆనర్సు! ఆయన ఉన్న ఈడెన్ హిందూ హాస్టల్లో కొందరు పై కులాల విద్యార్థులు ఆయనతో ఒకే భోజనశాలలో తినడానికి ఒప్పుకోలేదు. చదువులో ముందున్నా పంక్తిలో చోటు లేదు. ఈ మాట చదివినప్పుడు నేను పుస్తకం మూసేసి కాసేపు ఊరుకున్నాను.

1915లో ఎమ్మెస్సీ, సత్యేంద్రనాథ్ బోస్ తర్వాత రెండో స్థానం. ఇంటి కోసం ఆర్థికశాఖ ఉద్యోగ పరీక్ష రాద్దామనుకున్నారు. విప్లవకారులతో పరిచయం ఉందన్న అనుమానంతో ప్రభుత్వం అనుమతించలేదు. సైకిల్ తొక్కుకుంటూ ట్యూషన్లు చెప్పారు. 1916లో యూనివర్సిటీ సైన్స్ కాలేజీలో గణితం లెక్చరర్ అయ్యారు కానీ విభాగాధిపతితో పొసగక భౌతికశాస్త్రానికి మారారు. బీఎస్సీ దాటి చదవని సబ్జెక్టును తనే చదువుకుంటూ పిల్లలకు చెప్పారు. పనికిరాదనుకునే జర్మన్ కూడా అక్కరకొచ్చింది. బోస్‌తో కలిసి ఐన్‌స్టీన్ సాపేక్షతా వ్యాసాలను ఆంగ్లంలోకి తెచ్చారు.

అలా పాఠం చెబుతూ నేర్చుకున్న ఉష్ణగతికశాస్త్రం నుంచే 1920లో అయనీకరణ సమీకరణం వచ్చింది. వేడి, పీడనాలను బట్టి పరమాణువుల్లో ఎన్ని ఎలక్ట్రాన్లు కోల్పోతాయో అది లెక్కగట్టి చెబుతుంది. నక్షత్రాల వర్ణపటాలు వేరువేరుగా ఉండటానికి ముఖ్య కారణం వాటి ఉష్ణోగ్రతల తేడా అని దానితో తేలింది. 1927లో రాయల్ సొసైటీ ఫెలో అయ్యారు. 1952లో ఎన్నికల్లో గెలిచి లోక్‌సభకు వెళ్లారు. 1956 ఫిబ్రవరి 16న ఢిల్లీలో ప్రణాళికా సంఘం కార్యాలయానికి నడిచి వెళ్తూ గుండెపోటుతో కన్నుమూశారు.

నేను ఆనాడు స్నేహితుడి వెంట బై.పి.సి.లో చేరాను. ఇప్పుడు ఎమ్మెస్సీ కెమిస్ట్రీ. లెక్కలు వదిలేసినందుకు రోజూ కష్టపడుతున్నాను, నేర్చుకుంటున్నాను కూడా. వేసవి సెలవుల్లో హాస్టల్‌కు వస్తాను. దరఖాస్తు నింపే ముందు ఒకసారి నాతో మాట్లాడండి.