హెన్రీ క్లిఫ్టన్ సార్బీ

హెన్రీ క్లిఫ్టన్ సార్బీ (మే 10, 1826 - మార్చి 9, 1908) ఇంగ్లండు దేశానికి చెందిన ప్రముఖ శాస్త్రవేత్త. రాళ్ళను పలుచని పొరలుగా అరగదీసి సూక్ష్మదర్శినితో పరిశీలించే పద్ధతిని భూగర్భ శాస్త్రంలో స్థిరపరచినవాడు. లోహపు ముక్కను నునుపు చేసి, ఆమ్లంతో తడిపి, దాని అంతర్నిర్మాణాన్ని సూక్ష్మదర్శినిలో చూడవచ్చునని 1863-64 సంవత్సరాలలో నిరూపించాడు. ఆ కారణంగా ఇతడిని మెటలోగ్రఫీ, అనగా లోహాల సూక్ష్మనిర్మాణ శాస్త్రానికి పితామహుడిగా పరిగణిస్తారు. నేడు ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని కోసం లోహపు నమూనాలను యంత్రాలు తయారు చేస్తున్నాయి. అయితే ఆ యంత్రాలు అనుసరించే ప్రాథమిక సూత్రం సార్బీ తన ఇంటి ప్రయోగశాలలో చేతితో సాధించినదే.

బాల్యము, విద్యాభ్యాసము

సార్బీ ఇంగ్లండులోని యార్క్‌షైర్ ప్రాంతంలో, షెఫీల్డు నగర సమీపాన గల వుడ్‌బోర్న్ అనే చోట జన్మించాడు. షెఫీల్డు అప్పటికే కత్తులకు, ఉక్కు పనిముట్లకు ప్రపంచ ప్రసిద్ధి గాంచిన పట్టణం. సార్బీ వంశీయులు కూడా తరతరాలుగా ఆ వృత్తిలోనే ఉన్నారు. తండ్రి హెన్రీ సార్బీ పనిముట్ల కర్మాగారానికి యజమాని. తల్లి పేరు అమీలియా.

సార్బీ షెఫీల్డు కాలేజియేట్ పాఠశాలలో చదివిన తరువాత ఇంటివద్దనే ఒక ఉపాధ్యాయుని వద్ద గణితం, విజ్ఞాన శాస్త్రం నేర్చుకున్నాడు. విశ్వవిద్యాలయంలో చేరలేదు. 1847లో తండ్రి మరణించాడు. వారసత్వంగా వచ్చిన ఆస్తి జీవనానికి సరిపోవుటచే ఇతడు ఉద్యోగం గాని, వ్యాపారం గాని చేయక, పూర్తికాలం శాస్త్ర పరిశోధనకే అంకితమయ్యాడు. ఇంటిలోనే ప్రయోగశాలను, పనిశాలను ఏర్పాటు చేసుకున్నాడు. జీవితాంతం అవివాహితుడుగానే ఉన్నాడు.

రాళ్ళపై పరిశోధనలు

శిలాజాలుగా మారిన కలపను పలుచగా అరగదీసి కాంతి ప్రసరించేటట్లు చేసే విధానం ఎడింబరోకు చెందిన విలియం నికోల్ కాలం నుండి వాడుకలో ఉన్నది. విలియం క్రాఫర్డ్ విలియమ్సన్ అనే ప్రకృతి శాస్త్రవేత్త ద్వారా సార్బీకి ఈ విధానం పరిచయమైంది. దీనినే సాధారణ శిలలకు ఎందుకు వర్తింపజేయరాదని అతడు ఆలోచించాడు. 1849లో ఈ పని ప్రారంభించి, రాతి ముక్కలను గాజు పలకకు అతికించి, మిల్లీమీటరులో సుమారు నలభయ్యో వంతు మందం వచ్చే వరకు అరగదీశాడు. అంత పలుచనైన రాయి గుండా కాంతి ప్రసరించి, అందులోని ఖనిజాలు ఒక్కొక్కటిగా కనిపిస్తాయి.

యార్క్‌షైర్ తీరంలోని సున్నపు ఇసుకరాయిపై ఇతని వ్యాసం 1851లో వెలువడినది. పలకరాళ్ళు ఒకే దిశలో పలుచని రేకులుగా చీలుటకు భూమి లోపలి ఒత్తిడి కారణమని 1853లో వివరించాడు. 1858లో ప్రచురించిన మరొక వ్యాసంలో, స్ఫటికాలలో చిక్కుకున్న అతి చిన్న ద్రవ బుడగల ఆధారంగా ఆ స్ఫటికాలు ఏర్పడిన ఉష్ణోగ్రతను అంచనా వేయవచ్చునని చూపాడు. పర్వతాల వంటి బృహత్తర విషయాలను సూక్ష్మదర్శినితో తెలుసుకోవడం సాధ్యమా అని ఆ రోజులలో పలువురు భూగర్భ శాస్త్రవేత్తలు ఎగతాళి చేశారు. 1860ల ప్రారంభంలో జర్మనీ పర్యటనలో పరిచయమైన ఫెర్డినాండ్ జిర్కెల్ ఈ పద్ధతిని స్వీకరించి వ్యాపింపజేసిన తరువాతనే దానికి విస్తృతమైన ఆదరణ లభించింది.

లోహాల వైపు

రాళ్ళ నుండి సార్బీ దృష్టి ఉల్కలపైకి మళ్ళింది. ఆకాశం నుండి పడిన ఇనుప ఉల్కలను నునుపు చేసి ఆమ్లంతో తడిపితే, ఒకదానినొకటి ఖండించే చారల అల్లిక బయటపడుతుందని ఆస్ట్రియాకు చెందిన విడ్‌మాన్‌స్టాటెన్ 1808లోనే గమనించాడు. ఉల్కల ఇనుమును మనుషులు తయారు చేసిన ఇనుముతో పోల్చి చూడాలన్న కోరికతో సార్బీ 1863లో షెఫీల్డు ఇనుము, ఉక్కు నమూనాలను పరీక్షించడం ప్రారంభించాడు.

ఆ కాలానికి ఈ ప్రశ్న ఎంతో ముఖ్యమైనది. 1856లో హెన్రీ బెస్సెమర్ చౌకగా ఉక్కు తయారు చేసే పద్ధతిని ప్రకటించి, కొద్ది కాలానికే షెఫీల్డులో కర్మాగారం నెలకొల్పాడు. రైలు పట్టాలు, ఇరుసులు, బాయిలర్లు ఉక్కుతో చేయడం మొదలైంది. అయితే ఒక ఉక్కు ముక్క ఎందుకు గట్టిగా ఉంటుందో, మరొకటి ఎందుకు పుటుక్కున విరుగుతుందో చెప్పగలిగే సాధనం లేదు. పనివారు లోహాన్ని విరగగొట్టి, విరిగిన చోట కనిపించే రంగును, గరుకును బట్టి నాణ్యతను అంచనా వేసేవారు. కానీ విరిగిన ముఖం లోహం ఎక్కడ బలహీనంగా ఉన్నదో తెలుపుతుందే గాని, లోపల ఏమున్నదో తెలుపదు.

నమూనా తయారీ పద్ధతి

లోహాల పరిశోధనలో సార్బీ సాధించిన అసలు విజయం సూక్ష్మదర్శినిలో లేదు. దాని కింద పెట్టే ముక్కను తయారు చేసిన విధానంలో ఉన్నది.

కత్తులు, పనిముట్లు చేసేవారికి లోహాన్ని మెరిపించడం కొత్త విద్య కాదు. అయితే వారి మెరుగు కంటికి ఇంపు కొరకు చేసేది. గట్టిగా ఒత్తి రుద్దినపుడు లోహపు పైపొర అరగడమే గాక వంగి, నలిగి, పక్కలకు జరిగి, గీతలను కప్పివేస్తుంది. ఉపరితలం అద్దంలా మెరుస్తుంది గాని, దాని కింద ఉన్న సహజ నిర్మాణం మరుగున పడుతుంది. అట్టి మెరుగు తన పనికి హానికరమని సార్బీ గుర్తించాడు. ప్రతి దశలోను, అంతకు ముందు దశ వలన నలిగిన పొరను పూర్తిగా తొలగించాలన్నది ఇతడు పాటించిన నియమం.

ఇతడు అనుసరించిన క్రమం స్థూలంగా ఈ విధంగా ఉండేది:

* లోహం నుండి చిన్న ముక్కను కోసి, సమతలంగా అరగదీసి, గాజు పలకకు అతికించడం.
* గరుకు ఎమెరీ కాగితంతో మొదలుపెట్టి, క్రమంగా మరింత మెత్తని కాగితాలపై రుద్దడం.
* తరువాత స్కాట్లండులో దొరికే మెత్తని సానరాయిపై నీటితో అరగదీయడం.
* చివరగా తడి గుడ్డపై అతి మెత్తని ఎర్రని ఐరన్ ఆక్సైడు పొడితో, ఒత్తిడి లేకుండా నునుపు చేయడం.
* బాగా పలుచన చేసిన నత్రికామ్లంలో కొద్దిసేపు ఉంచి, కడిగి, ఆరబెట్టడం.

ఆమ్లం లోహపు అంశాలన్నింటిని ఒకే వేగంతో తినదు. స్ఫటిక రేణువుల సరిహద్దుల వద్ద ఎక్కువగాను, కొన్ని పదార్థాల వద్ద తక్కువగాను తింటుంది. ఈ తేడాల వలననే లోపలి నిర్మాణం ఒక పటంలా బయటపడుతుంది. ఆమ్లంలో ఎక్కువసేపు ఉంచితే వివరాలు చెరిగిపోతాయి, తక్కువసేపు ఉంచితే అసలు కనిపించవు.

లోహం గుండా కాంతి ప్రసరించదు గనుక దానిని పైనుండే వెలిగించాలి. సార్బీ ఇందుకు రెండు మార్గాలను ఉపయోగించాడు. ఒకటి, ప్రక్క నుండి ఏటవాలుగా కాంతిని పంపడం. రెండవది, వస్తుకటకంలో సగభాగాన్ని కప్పే చిన్న అద్దం ద్వారా నిటారుగా పంపడం. నునుపైన భాగం మొదటి పద్ధతిలో నల్లగాను, రెండవ పద్ధతిలో ప్రకాశవంతంగాను కనిపిస్తుంది. ఒకే చోటును రెండు విధాలుగా చూచుటచే, తాను చూస్తున్నది నిజమైన నిర్మాణమా, కాంతి కల్పించిన భ్రమా అని తేల్చుకోగలిగాడు.

రెండు దశాబ్దాల నిరీక్షణ

1864 ఫిబ్రవరిలో సార్బీ తన నమూనాలను షెఫీల్డులోని సాహిత్య, తత్త్వ సంఘంలో ప్రదర్శించాడు. అదే సంవత్సరం సెప్టెంబరులో బాత్ నగరంలో జరిగిన బ్రిటిష్ అసోసియేషన్ సమావేశంలో ఇనుము, ఉక్కుల సూక్ష్మదర్శిని ఛాయాచిత్రాలను ప్రదర్శించాడు. కానీ ఉక్కు పరిశ్రమ ఈ పనిని పట్టించుకోలేదు. రైలు ప్రమాదం జరిగినపుడు పట్టాను సూక్ష్మదర్శినితో పరీక్షించమని తాను ఆ రోజులలో సలహా ఇచ్చి ఉంటే, తనను పిచ్చివాడిగా భావించి ఉండేవారని సార్బీ తరువాతి కాలంలో గుర్తు చేసుకున్నాడు. ఇతడు కూడా ఆ పనిని ప్రక్కన పెట్టి ఇతర విషయాల వైపు మళ్ళాడు.

ఈలోగా జర్మనీలో అడాల్ఫ్ మార్టెన్స్ 1878లో స్వతంత్రంగా లోహాల సూక్ష్మనిర్మాణంపై వ్యాసం ప్రచురించాడు. ఫ్రాన్సులో ఫ్లోరిస్ ఆస్మండ్ 1880లలో ఇదే రంగంలో కృషి చేశాడు. పరిశ్రమలో ఆసక్తి పెరుగుటచే సార్బీ తిరిగి తన పాత నమూనాలను బయటకు తీశాడు.

పెర్లైటు ఆవిష్కరణ

1885 ప్రాంతంలో సార్బీ ఉక్కును 650 రెట్లు పెద్దదిగా చూపే సూక్ష్మదర్శినితో పరిశీలించాడు. అంతకు పూర్వం ముత్యపు చిప్పలా రంగులీనుతూ కనిపించిన భాగం నిజానికి ఒకదాని ప్రక్కన ఒకటిగా పేర్చిన అతి పలుచని రెండు రకాల పలకల సముదాయమని గుర్తించాడు. వాటిలో ఒకటి మెత్తని ఇనుము, రెండవది కర్బనంతో కలిసిన కఠినమైన ఇనుము. ఈ భాగానికే అమెరికా శాస్త్రవేత్త హెన్రీ మేరియన్ హోవ్ తరువాత పెర్లైటు అని పేరు పెట్టాడు. మెత్తని ఇనుమును నేడు ఫెర్రైటు అని, కఠినమైన పదార్థాన్ని సిమెంటైటు అని వ్యవహరిస్తారు.

ఈ ఫలితాలను ఐరన్ అండ్ స్టీల్ ఇన్‌స్టిట్యూట్ పత్రికలో 1886, 1887 సంవత్సరాలలో ప్రచురించాడు. 1887 నాటి వ్యాసంలో ఇనుము, ఉక్కులలోని వివిధ అంశాలను, గ్రాఫైటును, లోహంలో చిక్కుకున్న చిట్టెమును వేరువేరుగా వర్ణించాడు. సుత్తితో కొట్టినపుడు సాగిపోయిన స్ఫటిక రేణువులు, వేడి చేసినపుడు తిరిగి కొత్త రేణువులుగా ఏర్పడతాయని కూడా గ్రహించాడు.

ఇతర పరిశోధనలు

సార్బీ 1865లో సూక్ష్మదర్శినికి వర్ణపటదర్శినిని జోడించి, అత్యల్ప పరిమాణంలో ఉన్న రక్తపు మరకలను, ఆకుల, పూల రంగులను విశ్లేషించాడు. 1869లో జిర్కాన్ ఖనిజంలో ఒక కొత్త మూలకాన్ని కనుగొన్నానని భావించి దానికి జార్గోనియం అని నామకరణం చేశాడు. ఆ వర్ణపట రేఖలకు యురేనియం కారణమని తేలిన తరువాత ఆ ప్రకటనను తానే ఉపసంహరించుకున్నాడు.

1874లో తల్లి మరణించిన తరువాత గ్లింప్స్ అనే పడవను కొని, వేసవి నెలలలో ఇంగ్లండు తూర్పు తీరంలోని నదీముఖాలలో నివసిస్తూ సముద్ర జీవులను, బురద మేటలను అధ్యయనం చేశాడు. 1880లలో లండను మురుగు నీరు థేమ్స్ నదిలో ఏమవుతుందో పరిశీలించి, ప్రభుత్వ విచారణ సంఘానికి సహాయపడ్డాడు.

విద్యారంగానికి సేవ, చివరి రోజులు

షెఫీల్డులో 1879లో స్థాపించబడిన ఫర్త్ కళాశాలకు 1882లో సార్బీ అధ్యక్షుడయ్యాడు. ఆ కళాశాల అభివృద్ధి చెంది 1905లో షెఫీల్డు విశ్వవిద్యాలయంగా రూపొందింది. తన ఆస్తిలో కొంత భాగాన్ని విశ్వవిద్యాలయంలో భూగర్భ శాస్త్ర ఆచార్య పదవికి, రాయల్ సొసైటీ పరిశోధక వేతనానికి కేటాయించాడు. చివరి సంవత్సరాలలో అనారోగ్యంతో కదలలేని స్థితిలో ఉన్నప్పటికీ పని విడువలేదు. రాళ్ళ అధ్యయనంలో గణిత పద్ధతులను వివరించే ఇతని చివరి వ్యాసం మరణానంతరం 1908లో ప్రచురితమైంది. షెఫీల్డులోని ఎక్లెసాల్ చర్చి ఆవరణలో ఇతని సమాధి ఉన్నది.

ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని యుగంలో సార్బీ పద్ధతి

కాంతి తరంగాల పొడవు వలన సాధారణ సూక్ష్మదర్శినికి ఒక హద్దు ఉన్నది. 1931లో బెర్లిన్‌లో మాక్స్ నోల్, ఎర్నెస్ట్ రస్కాలు ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిని నిర్మించడంతో ఆ హద్దును దాటే మార్గం ఏర్పడింది. కానీ లోహాల విషయంలో కొత్త చిక్కు వచ్చింది. ఎలక్ట్రాన్లు లోహం గుండా ప్రసరించాలంటే దాని మందం మిల్లీమీటరులో పదివేల వంతు మాత్రమే ఉండాలి. ఒకప్పుడు రాయి గుండా కాంతిని పంపుటకు సార్బీ పడిన శ్రమ, ఇప్పుడు లోహం గుండా ఎలక్ట్రాన్లను పంపుటకు మరల అవసరమైంది. అంత పలుచని లోహాన్ని చేతితో అరగదీస్తే అది పూర్తిగా నలిగిపోతుంది.

దీనికి పరిష్కారం విద్యుత్తు ద్వారా లభించింది. లోహాన్ని ఆమ్ల ద్రావణంలో ధన విద్యుద్ధ్రువంగా ఉంచి, తాకిడి లేకుండా కరిగించి నునుపు చేసే పద్ధతిని ఫ్రాన్సుకు చెందిన పియర్ జాకే 1930లలో అభివృద్ధి చేశాడు. 1949లో అమెరికాలో హైడెన్‌రైక్ ఈ విధంగా అల్యూమినియంను పలుచన చేసి ఎలక్ట్రాన్లతో చూడగలిగాడు. 1956లో కేంబ్రిడ్జిలో హిర్ష్, హార్న్, వీలన్‌లు అట్టి పొరలలో స్ఫటిక లోపాల కదలికను ప్రత్యక్షంగా గమనించారు.

తరువాత ఈ పని క్రమంగా యంత్రాల పరమైంది. 3 మిల్లీమీటర్ల బిళ్ళకు ఇరువైపుల నుండి ద్రావణపు ధారలను చిమ్మి, మధ్యలో సన్నని రంధ్రం పడగానే దాని గుండా వచ్చే కాంతిని పసిగట్టి తనంతట తానే ఆగిపోయే పరికరాలు వచ్చాయి. రంధ్రం అంచున ఉండే అతి పలుచని భాగమే పరిశీలనకు పనికివస్తుంది గనుక, ఆగుటలో కొద్ది క్షణాల ఆలస్యం జరిగినా నమూనా పాడవుతుంది. స్వయంచాలక అరగదీత యంత్రాలలో ఒత్తిడిని, వేగాన్ని, సమయాన్ని ముందుగానే నిర్ణయించి, అనేక నమూనాలను ఒకేసారి ఒకే విధంగా తయారు చేస్తారు. అయాన్ల పుంజంతో నిర్ణీత స్థలం నుండి పలుచని పొరను చెక్కి తీసే పరికరాలు కూడా వాడుకలోకి వచ్చాయి.

యంత్రాల వలన శ్రమ, మనిషికి మనిషికి వచ్చే తేడాలు తగ్గాయి. అయితే నమూనా తయారీలో పుట్టే భ్రమలు తొలగిపోలేదు, రూపం మార్చుకున్నాయి. గాలియం అయాన్ల పుంజం లోహపు పైపొరలో చొచ్చుకుపోయి దానిని చెడగొట్టవచ్చు. టైటానియంను విద్యుత్తుతో పలుచన చేసేటప్పుడు హైడ్రోజన్ చేరి, అసలు లేని హైడ్రైడు పలకలు కనిపించవచ్చు. స్ఫటికాల దిశలను కొలిచే పద్ధతిలో ఎలక్ట్రాన్లు ఉపరితలం నుండి కొన్ని పదుల నానోమీటర్ల లోతు సమాచారాన్నే తెస్తాయి గనుక, నలిగిన పొర లేశమాత్రం మిగిలినా చిత్రం మసకబారుతుంది. పైపొరను నలగనీయరాదనే సార్బీ నియమాన్ని, ఒకే చోటును రెండు విధాలుగా చూడాలన్న ఇతని అలవాటును నేటి ప్రయోగశాలలు కూడా పాటించక తప్పదు.

గౌరవాలు, స్మృతి చిహ్నాలు

* 1857లో రాయల్ సొసైటీ సభ్యత్వం.
* 1869లో భూగర్భ శాస్త్ర సంఘం నుండి వొలాస్టన్ పతకం.
* 1874లో రాయల్ సొసైటీ నుండి రాయల్ పతకం.
* 1876లో ఖనిజశాస్త్ర సంఘానికి మొదటి అధ్యక్షుడు. 1878-80లో భూగర్భ శాస్త్ర సంఘానికి అధ్యక్షుడు.
* ఉక్కులోని ఒక సూక్ష్మనిర్మాణానికి ఇతని పేరు మీదుగా సార్బైటు అనే పేరు వచ్చింది.
* షెఫీల్డులోని ప్రకృతి అధ్యయన సంఘానికి, అంతర్జాతీయ మెటలోగ్రఫీ సంఘం ఇచ్చే పురస్కారానికి ఇతని పేరు ఉన్నది.
* చంద్రునిపై ప్రశాంతతా సాగరం పొరుగున గల సెరెనిటాటిస్ మైదానంలోని గట్ల వరుసకు డోర్సా సార్బీ అని పేరు పెట్టారు.
* లోహాలపై ఇతని పరిశోధనకు నూరేళ్ళు నిండిన సందర్భంగా 1963లో అమెరికాలోని క్లీవ్‌లాండ్ నగరంలో లోహశాస్త్ర చరిత్రపై సదస్సు జరిగింది.