పేద పిల్లల పళ్ళెం కోసం పుట్టిన జట్టు



స్కాట్లాండ్ దేశంలోని గ్లాస్గో నగరంలో సెల్టిక్, రేంజర్స్ అని రెండు ఫుట్‌బాల్ జట్లు ఉన్నాయి. ఆ రెండూ తలపడితే అది ఒట్టి ఆట కాదు. ఒకవైపు కథోలికులు, ఐర్లాండ్ జెండాలు. మరోవైపు ప్రొటెస్టంటులు, బ్రిటిష్ జెండాలు. క్రీస్తు నామం ధరించినవారే రెండు వైపులా నిలబడి ఒకరినొకరు దూషించుకున్న రోజులు ఎన్నో. అయితే సెల్టిక్ జట్టును స్థాపించినది ఒక మఠవాసి అనీ, అదీ ఆకలిగొన్న పిల్లలకు అన్నం పెట్టడానికనీ మీలో ఎందరికి తెలుసు? ఆయనే బ్రదర్ వాల్‌ఫ్రిడ్.

ఆయన అసలు పేరు ఆండ్రూ కెరిన్స్. 1840లో ఐర్లాండ్‌లోని స్లైగో ప్రాంతంలో, బాలిమోట్ అనే ఊరి దగ్గర జన్మించారు. ఆయనకు ఐదేళ్ళప్పుడు బంగాళాదుంప పంటకు తెగులు సోకి మహా కరువు వచ్చింది. సుమారు పది లక్షల మంది ప్రాణాలు కోల్పోయారు. లక్షలాది మంది దేశం విడిచి పోయారు. ఆకలి అంటే ఏమిటో ఆ బాలుడు పుస్తకాలలో చదివి తెలుసుకోలేదు, కళ్ళారా చూశాడు. పదిహేనేళ్ళ ప్రాయంలో పొట్ట చేతపట్టుకొని గ్లాస్గో చేరి రైల్వేలో పనికి కుదిరాడు. 1864లో మరిస్టు సహోదరుల సభలో చేరి, బ్రదర్ వాల్‌ఫ్రిడ్ అయ్యాడు.

గ్లాస్గో తూర్పు పేటలలో వలస వచ్చిన ఐరిష్ కుటుంబాలు ఇరుకు గదులలో కిక్కిరిసి బ్రతికేవి. అక్కడి తిరుహృదయ పాఠశాలకు 1874లో ప్రధానోపాధ్యాయులైన బ్రదర్ గారు, పిల్లలు ఖాళీ కడుపుతో బడికి రావడం, మరికొందరు అసలు రాకపోవడం గమనించారు. మన విచారణలలో కూడా ఉన్న పునీత విన్సెంట్ డి పాల్ సభవారి సహాయంతో, 1884 ప్రాంతంలో, ఒక్క పెన్నీకి వేడి భోజనం పెట్టే ఏర్పాటు చేశారు. ఉచితం అంటే తల్లిదండ్రులు చిన్నబోతారని ఆ పెన్నీ.

ఇక్కడ ఒక నిజం దాచకుండా చెప్పుకోవాలి. ఆ రోజులలో ప్రొటెస్టంటు సంఘాలు కూడా పేదలకు గంజి పోసేవి. అక్కడికి వెళ్ళి మన పిల్లలు విశ్వాసం పోగొట్టుకుంటారేమోనన్న భయం బ్రదర్ గారికీ ఉండేది. ఆకలి మీద జాలితో పాటు ఆ భయం కూడా ఆ జట్టు పుట్టుకలో కలిసి ఉంది.

1887లో ఎడిన్‌బరో నగరపు ఐరిష్ కథోలికుల జట్టు హైబర్నియన్ స్కాటిష్ కప్పు గెలిచింది. గ్లాస్గోలోనూ అలాంటి జట్టుంటే టిక్కెట్ల డబ్బుతో పిల్లల భోజనం సాగుతుందని బ్రదర్ గారు తలపోశారు. అదే ఏడాది నవంబరు 6న పునీత మరియ దేవాలయ హాలులో సెల్టిక్ పుట్టింది. ఆ పేరు ఆయన కోరి పెట్టినదే. ఐరిష్‌వారికీ స్కాట్‌లకూ అది ఉమ్మడి పేరు. 1888 మే 28న తొలి ఆట జరిగింది. ప్రత్యర్థి ఎవరనుకున్నారు? రేంజర్స్! సెల్టిక్ 5-2తో గెలిచింది. ఆట ముగిశాక రెండు జట్లూ కలిసి విందు చేసుకున్నాయి.

1892లో సభ పెద్దలు ఆయనను లండనుకు బదిలీ చేశారు. ఆయన మారుమాట లేకుండా వెళ్ళి, అక్కడి పేద పిల్లల మధ్య మళ్ళీ మొదలుపెట్టారు. ఇక్కడ గ్లాస్గోలో 1897లో క్లబ్బు వాటాదారుల కంపెనీ అయింది. డబ్బు లాభాలుగా పంచబడింది, పిల్లల భోజనానికి సాయం ఆగిపోయింది. 1915 ఏప్రిల్ 17న డంఫ్రీస్ పట్టణంలో ఆయన కన్నుమూశారు.

పళ్ళెం పోయింది, జెండా మిగిలింది. ఐర్లాండ్ స్వపరిపాలన గొడవలు మైదానంలోకి వచ్చాయి. రేంజర్స్ జట్టు దశాబ్దాల తరబడి కథోలికులను దూరంగా ఉంచింది. పేరున్న ఒక కథోలిక ఆటగాణ్ణి బహిరంగంగా చేర్చుకున్నది 1989లోనే. మనవారూ తక్కువ తినలేదు. 1980 కప్పు ఫైనల్ తర్వాత రెండు పక్షాలూ మైదానంలోకి దిగి కొట్టుకున్నాయి. అయినా ఒక మాట మరువరాదు. 1967లో సెల్టిక్‌కు యూరోపియన్ కప్పు తెచ్చిపెట్టిన శిక్షకుడు జాక్ స్టీన్ ప్రొటెస్టంటు.

పాఠకులారా, మన విచారణ పండుగకు కబడ్డీ, వాలీబాల్ పోటీలు పెడతాం. పేటకొక జట్టు, కొన్నిచోట్ల కులానికొక జట్టు. కప్పు ఎవరికని అడిగే ముందు, ఆ చందా డబ్బులో ఒక పేద పిల్ల ఫీజుకు ఎంత తీశామో అడుగుదామా? సేవ కోసం పుట్టినదానిలో సేవ ఆగిపోతే, మిగిలేది మనవాళ్ళు, వాళ్ళు అనే గోడ ఒక్కటే. బ్రదర్ వాల్‌ఫ్రిడ్ జీవితం మనకు చేసే హెచ్చరిక ఇదే.