నిడుబ్రోలు రైతుబడి: రంగాగారు చెప్పిన పాఠం, చెప్పకుండా వదిలేసిన పాఠం

తెనాలిలో రైలెక్కి బాపట్ల వైపు వెళితే చుండూరు దాటాక నిడుబ్రోలు స్టేషను వస్తుంది. పొన్నూరు పక్కనే ఉన్న ఊరు. కూలి రేట్ల మీద మీటింగులు పెట్టడానికి మేము ఏళ్ళ తరబడి ఈ దారిలో తిరుగుతున్నాం. ఇటు బాపట్ల, అటు వేమూరు, భట్టిప్రోలు మీదుగా రేపల్లె, ఏ పల్లెకు వెళ్ళినా ఒక మాట మాత్రం తప్పదు. రాజకీయాలు మనబోటోళ్ళకెందుకు, అవి ఉన్నోళ్ళ పనులు అంటారు. నాట్లేసి వచ్చిన ఆడకూలీలూ అంటారు, పదో తరగతి చదివిన కుర్రాళ్ళూ అంటారు.

నూరేళ్ళ కిందట ఇదే డెల్టాలో రైతులు కూడా అచ్చం ఇదే మాట అనేవాళ్ళు. రాజకీయాలు ప్లీడర్ల పని, జమీందార్ల పని, మనకెందుకు అనేవాళ్ళు. ఆ మాట మాన్పించినవాళ్ళలో నిడుబ్రోలు మనిషి ఒకరున్నారు. ఆయనే ఆచార్య ఎన్.జి.రంగా. ఆయన మన పార్టీ మనిషి కాదు. బతికిన కాలంలో సగం పైగా మనకు ఎదురు నిలిచిన మనిషి. అయినా ఆయన జీవితం కూలిజనం తెలుసుకోవాల్సిందే. ఎందుకో చివరికి మీకే తెలుస్తుంది.

గోగినేని రంగనాయకులు 1900 నవంబరు 7న నిడుబ్రోలులో భూమిగల రైతు కుటుంబంలో పుట్టారు. గుంటూరు క్రైస్తవ కళాశాలలో చదువుకుని, 1920లో ఇంగ్లండు వెళ్ళి ఆక్స్‌ఫర్డ్‌లో అర్థశాస్త్రం చదివారు. ఆయన అక్కడున్న రోజుల్లోనే ఇక్కడ పెదనందిపాడు ఫిర్కా రైతులు పర్వతనేని వీరయ్య చౌదరి నాయకత్వాన శిస్తు కట్టమని భీష్మించుకు కూర్చున్నారు. 1922 నాటి ఆ పన్నుల నిరాకరణ తెల్లదొరల్ని కంగారు పెట్టింది. గాంధీగారు ఆగమన్నాక ఆగింది. ఆగింది గాని, కలిసి నిలబడితే సర్కారు కూడా తగ్గుతుందని రైతుకు మొదటిసారి అర్థమయింది అప్పుడే.

రంగా తిరిగొచ్చి మద్రాసు పచ్చయ్యప్ప కళాశాలలో పాఠాలు చెప్పారు. ఆయనది నాలుగు గోడల మధ్య చదువు కాదు. డెల్టా గ్రామాల్లో రైతుకు ఎంత ఆదాయం, ఎంత అప్పు, కూలికి ఎంత కూలి అని ఇంటింటి లెక్కలు తీసి పుస్తకాలు రాశారు. తన ఇంటి మంచినీళ్ళ బావిని హరిజనులకు తెరిచారు. మాలపల్లె మనిషి ఊరి బావి గట్టెక్కితే కొట్టే రోజుల్లో ఇది చిన్న పనేమీ కాదు. భార్య భారతీదేవి కూడా ఆయనతో పాటు జాతీయోద్యమంలో నడిచారు.

అప్పటి పరిస్థితి చూడండి. కృష్ణా, గోదావరి డెల్టాల్లో సర్కారు రీసెటిల్‌మెంటు పేరుతో శిస్తు పెంచబోయింది. దాని మీద రైతులు సంఘాలు కట్టారు. ఆ సంఘాలు పెట్టిన ముఖ్యుల్లో రంగా ఒకరు. ఇంతలో 1929లో మొదలైన ప్రపంచ ఆర్థిక సంక్షోభం మన ఊళ్ళలోకీ వచ్చిపడింది. వడ్ల ధర సగానికి సగం పడిపోయింది. శిస్తు మాత్రం అణా తగ్గలేదు, షావుకారి వడ్డీ తగ్గలేదు. ధాన్యం అమ్మితే శిస్తుకు చాలదు, శిస్తు కట్టకపోతే జప్తు. అలాంటి సమయంలో 1930లో రంగా ఉద్యోగం వదిలి రాజకీయాల్లోకి దూకారు. ఆ ఏడే కేంద్ర శాసనసభకు ఎన్నికయ్యారు.

అప్పటి ఓటు ఇప్పటి ఓటు లాంటిది కాదు. ఆస్తి ఉన్నవాడికే, శిస్తు కట్టేవాడికే ఓటు. కూలివాడికి, పాలేరుకి ఓటన్నదే లేదు. కాబట్టి రంగాను గెలిపించింది మన తాతలు కాదు, భూమి ఉన్న రైతులు. ఆ సంగతి మరిచిపోకుండా తరువాతి కథ వినాలి.

ఐతే రంగా మిగతా అభ్యర్థుల్లాగా ఓట్లు వేయించుకుని ఢిల్లీ వెళ్ళి కూర్చోలేదు. పంచెకట్టు రైతు కూడా సభలో మాట్లాడగలడు, మాట్లాడి తీరాలి అని ఊరూరా చెప్పారు. చెప్పి ఊరుకోకుండా 1933లో తన ఊళ్ళోనే రామానీడు రైతాంగ విద్యాలయం పెట్టారు. అది పిల్లల బడి కాదు, పెద్దల బడి. రైతుబిడ్డల్ని రప్పించి శిస్తు లెక్క ఎట్లా కడతారు, చట్టం ఏం చెబుతుంది, అర్జీ ఎట్లా రాయాలి, సభ ఎట్లా నడపాలి అన్నవి నేర్పేవారు. అక్కడ నేర్చుకున్నవాళ్ళు తమ తాలూకాలకు వెళ్ళి సంఘాలు పెట్టారు. రాజకీయాలు నేర్చుకోదగ్గ విద్యేనని, అది పుట్టుకతో వచ్చేది కాదని ఆ బడి రుజువు చేసింది.

ఆ ప్రభావం ఎంత దూరం పోయిందో చెప్పడానికి ఒక్క మనిషి చాలు. శ్రీకాకుళం జిల్లా బారువలో కల్లుగీత కులంలో పుట్టిన గౌతు లచ్చన్న రంగాగారి శిష్యుడు. ఎన్నోసార్లు జైళ్ళకు వెళ్ళారు, శాసనసభకు వెళ్ళారు. 1954 నవంబరులో కల్లుగీత కార్మికుల బతుకుదెరువు కోసం, మద్యనిషేధం విషయమై ఆయన పెట్టిన అవిశ్వాస తీర్మానం ఒక్క ఓటు తేడాతో నెగ్గి ప్రకాశం పంతులుగారి ప్రభుత్వమే పడిపోయింది. తాటిచెట్టెక్కే కులంలో పుట్టిన మనిషి మంత్రివర్గాన్ని దించాడంటే, రాజకీయాలు ఉన్నోళ్ళవే అనేవాళ్ళకు అంతకన్నా జవాబేం కావాలి?

మళ్ళీ వెనక్కి వద్దాం. 1931 నుంచి వెంకటగిరి జమీందారీ రైతులు అడవి హక్కులకోసం, పశువుల మేతకోసం పోరాడితే రంగా వాళ్ళ పక్కన నిలబడ్డారు. 1936 ఏప్రిల్‌లో లక్నోలో అఖిల భారత కిసాన్ సభ పుట్టింది. బీహారు రైతు నాయకుడు స్వామి సహజానంద సరస్వతి అధ్యక్షుడు, మన నిడుబ్రోలు రంగా ప్రధాన కార్యదర్శి. 1937 ఎన్నికల్లో మహా మహా జమీందార్లు కాంగ్రెసు అభ్యర్థుల చేతిలో ఓడిపోయారు. దొర కూడా ఓడిపోతాడని కళ్ళారా చూసిన రైతుకు భయం సగం పోయింది. బొబ్బిలి, మునగాల, కాళీపట్నం జమీందారీల్లో పోరాటాలు లేచాయి.

ఆ వేడిలోనే రైతు రక్షణ యాత్ర నడిచింది. ఉత్తరాన ఇచ్ఛాపురం దగ్గర బయలుదేరి 2,000 మందికి పైగా రైతులు 9 జిల్లాల గుండా 130 రోజులు నడిచారు. మొత్తం 1,500 మైళ్ళ పైమాటే. దారి పొడుగునా సభలు పెట్టి 1,100కు పైగా అర్జీలు పోగుచేసి, 1938 మార్చి 27న మద్రాసు శాసనసభకు అందజేశారు. అప్పుల నుంచి విముక్తి వాటిలో ముఖ్యమైన కోరిక. ఆ ఏడే మద్రాసు రైతు రుణ విమోచన చట్టం వచ్చింది. చట్టం చేసింది మంత్రులే గాని, చేయించింది మాత్రం నడిచిన కాళ్ళు.

ఇక్కడినుంచి కథ మలుపు తిరుగుతుంది. రంగా తెరిచిన దారిలో వచ్చిన కుర్రాళ్ళు ఆయన ఆగిన చోట ఆగలేదు. కొత్తపట్నంలో, బాపట్ల తాలూకా మంతెనవారిపాలెంలో వేసవి రాజకీయ పాఠశాలలు జరిగాయి. పి.సి.జోషి, అజయ్ ఘోష్ వంటి కమ్యూనిస్టు నాయకులు వచ్చి పాఠాలు చెప్పారు. వాటికి కావలసిన డబ్బులు, బియ్యం, పప్పు రైతుల ఇళ్ళ నుంచే వచ్చాయి. ఇటు నెల్లూరు జిల్లా అలగానిపాడులో పుచ్చలపల్లి సుందరయ్య భూస్వామి ఇంట పుట్టి కూడా కూలీలను సంఘంగా కట్టారు. రైతుకు సంఘం కావాలన్న మాట నిజమే, మరి ఆ రైతు పొలంలో చేసే పాలేరుకు సంఘం అక్కర్లేదా అని వీళ్ళు అడిగారు.

ఈ ప్రశ్నకు రంగాగారి దగ్గర సరైన జవాబు లేదు. ఆయన దృష్టిలో రైతు, కూలి ఒకే ఇంటి మనుషులు. దుక్కి దున్నేవాళ్ళంతా ఒకటి, జమీందారు, షావుకారు, సర్కారు మరొకటి. వినడానికి బాగానే ఉంటుంది. జమీందారీల మీద పోరాడేటప్పుడు అది నిజంగానే పనికొచ్చింది. కాని జమీందారు పోయాక పొలం గట్టు మీద మిగిలింది ఎవరు? గొడుగేసుకుని నిలబడ్డ ఆసామీ, బురదలో వంగిన కూలి. ఈ ఇద్దరి లెక్కా ఒకటెట్లా అవుతుంది? కూలి అర్ధరూపాయి పెంచమంటే ఆ అర్ధరూపాయి ఎవరి చేతిలోంచి రావాలి?

యుద్ధం వచ్చేసరికి దారులు పూర్తిగా వేరయ్యాయి. 1942 క్విట్ ఇండియా సమయంలో కమ్యూనిస్టులు ఒక పక్క, రంగా మరో పక్క. అప్పటి మన పార్టీ వైఖరి మీద మన జనంలోనే బాధ ఉండింది, అది దాచాల్సిన పనిలేదు. స్వాతంత్ర్యం వచ్చాక రంగా కాంగ్రెసుతో విభేదించి 1951లో కృషికార్ లోక్ పార్టీ పెట్టారు. 1952 ఎన్నికల్లో ఆ పార్టీకి మద్రాసు శాసనసభలో 15 స్థానాలు వచ్చాయి. ఆ ఎన్నికల ప్రత్యేకత ఏమిటంటే, మొదటిసారి కూలివాడికి, కూలిదానికి ఓటు వచ్చింది. ఆంధ్ర జిల్లాల్లో కమ్యూనిస్టులు 41 స్థానాలు గెలిచారు. అది చూసి అటువైపు వాళ్ళంతా ఏకమయ్యారు. 1955లో కాంగ్రెసు, రంగా పార్టీ, మిగతావాళ్ళు కలిసి నిలబడితే 196 స్థానాల్లో కమ్యూనిస్టులకు దక్కింది 15.

1957లో రంగా కాంగ్రెసు అభ్యర్థిగా తెనాలి నుంచి లోక్‌సభకు వెళ్ళారు. 1959 జనవరిలో నాగపూరులో కాంగ్రెసు భూపరిమితి, సహకార వ్యవసాయం తీర్మానించగానే ఆయన బయటికొచ్చారు. అదే ఏడు రాజాజీతో కలిసి స్వతంత్ర పార్టీ పెట్టి దాని అధ్యక్షుడయ్యారు. రైతు చేతిలోంచి భూమి పోకూడదన్నది ఆయన వాదం. భూమే లేనివాడి సంగతేమిటన్నది మన ప్రశ్న. జమీందారు మీదికి రైతును నడిపించిన మనిషి, ఇప్పుడు సంస్థానాధీశులు, మిల్లు యజమానులు ఉన్న పార్టీకి పెద్ద అయ్యారు. భూమి పంపకం దగ్గరికి వచ్చేసరికి మనిషి ఎటు నిలబడతాడో తేలిపోతుంది.

దానికి జవాబు 1962లో వచ్చింది. సొంత గడ్డ మీద, తెనాలి లోక్‌సభ స్థానంలో, రంగా ఓడిపోయారు. గెలిచింది కమ్యూనిస్టు పార్టీ అభ్యర్థి కొల్లా వెంకయ్య. ఊరూరా సంఘం పెట్టడం, అర్జీలు రాయడం, పాదయాత్రలు, రాజకీయ పాఠశాలలు, ఇవన్నీ ఈ జిల్లాకు నేర్పినవాళ్ళలో రంగా మొదటివరసలో ఉన్నారు. ఆ విద్యను కూలిజనం, పేదరైతులు నేర్చుకుని ఆయన మీదనే ప్రయోగించారు. ఇది ఆయనకు అవమానం అనుకోం మేము. గురువును మించడమంటే ఇదే.

ఆయన ఆగిపోలేదు. ఆ ఏడే చిత్తూరు ఉపఎన్నికలో గెలిచి మళ్ళీ లోక్‌సభకు వెళ్ళారు. 1967లో శ్రీకాకుళం నుంచి వెళ్ళారు. తరువాత తిరిగి కాంగ్రెసులో చేరి 1980, 1984, 1989లో గుంటూరు నుంచి గెలిచారు. మధ్యలో ఓటములున్నా 1930 నుంచి 1991 దాకా ఆయన చట్టసభల మనిషే. 1991లో పద్మవిభూషణ్ వచ్చింది. 1995 జూన్ 9న కన్నుమూశారు. వ్యవసాయ విశ్వవిద్యాలయానికి ఆయన పేరు పెట్టారు.

రైతు, కూలి ఒకే ఇల్లన్న మాట ఏమయిందో కూడా చెప్పుకోవాలి. 1985 జులై 17న కారంచేడు. 1991 ఆగస్టు 6న చుండూరు, 8 మంది దళితుల హత్య. నిడుబ్రోలుకు పోయే రైలు ఆగే ఊరే అది. ఆ నెత్తురుకు రంగాగారు బాధ్యులని మేము అనడంలేదు. కాని కులాన్ని, భూమిని పక్కనబెట్టి ఐక్యత మాట్లాడితే ఆ ఐక్యత ఎవరికి కాపుగాస్తుందో చుండూరు చూపించింది.

ఇక ఇవాళ్టి మాట. ఇప్పుడు డెల్టాలో భూమి ఒకరిది, సేద్యం మరొకరిది. మాలపల్లె, మాదిగపల్లె, బీసీ పేటల జనమే ఎకరా రెండెకరాలు కౌలుకు తీసుకుని సాగు చేస్తున్నారు. 2019లో వచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టం కౌలురైతు కార్డుకు భూమి యజమాని సంతకం కావాలంది. సంతకం పెట్టే ఆసామీ ఎంతమంది ఉన్నారో మీకు తెలుసు. చట్టం రాసే చోట మనవాడు లేకపోతే చట్టం అట్లాగే వస్తుంది.

రిజర్వేషను వచ్చింది గదా, మనవాళ్ళే సర్పంచులు అయ్యారు గదా అంటారు. అయ్యారు. మేము ఒక ఊరు వెళ్ళాం, పేరు చెప్పం. సర్పంచి మన కూలి ఆడమనిషే. తీర్మానాల పుస్తకం మాత్రం పెద్ద ఆసామీ ఇంట్లో ఉంది. సంతకం ఆమెది, పెత్తనం ఆయనది. తప్పు ఆమెది కాదు. ఆమెకు నిడుబ్రోలు బడి లాంటి బడి లేదు. ఆ బడి పెట్టాల్సింది మేము, పెట్టలేదు. నినాదాలు ఇచ్చాం, జెండా మోయించాం, పంచాయతీ లెక్క చదవడం నేర్పలేదు. తప్పు ఒప్పుకుంటున్నాం.

రైతును తట్టిలేపి నువ్వే నిలబడమని రంగాగారు చెప్పారు. కూలిని తట్టిలేపి ఆ మాట చెప్పలేదు. ఆ మిగిలిపోయిన పాఠం మన వంతు. ప్రతి సంఘం నెలకు రెండు రాత్రులు పేటలో దీపం కింద కూర్చోవాలి. ఉపాధి హామీ మస్టరు, పంచాయతీ ఖర్చు, అసైన్డు భూముల జాబితా చదవాలి. చదవడం రానివాళ్ళకు వచ్చినవాళ్ళు చదివి వినిపించాలి. నామినేషను కాగితం ఎట్లా నింపాలో ఇప్పుడే నేర్చుకోవాలి, ఎన్నికల ముందురోజు కాదు. వార్డు మెంబరుతో మొదలుపెట్టినా చాలు. ఈసారి మన ఓటు ఎవరికి వేద్దామని కాదు, మనలో ఎవర్ని నిలబెడదామని ఆలోచించండి.