పల్లె గురువులను లేపిన అజరయ్య అధ్యక్షులు

రోగిని చూడవలెనన్నను, పొరుగువానికి సువార్త చెప్పవలెనన్నను, అయ్యగారు ఉన్నారు గదా అని మన సంఘములలో అనుకొనుట కద్దు. పిఠాపురములో నేనును ఈ మాట విన్నవాడనే. విని లోలోపల సంతోషించినవాడను కూడా. అందుచేతనే ఈ శతవార్షిక సంచికకు అజరయ్య అధ్యక్షుల జీవితమును ఎన్నుకొంటిని.

వేదనాయకం శామ్యూల్ అజరయ్యగారు 1874 ఆగస్టు 17న తిరునెల్వేలి జిల్లాలో ఒక గురువుగారి కుమారుడుగా జన్మించిరి. వై.ఎం.సి.ఎ. కార్యదర్శిగా దక్షిణదేశమంతట పేరు పొందిరి. 1909లో ఆ పదవిని విడిచి, నిజాం రాజ్యములోని డోర్నకల్‌కు మిషనెరీగా వచ్చిరి. తమిళుడైన ఆయన నడివయస్సులో మన తెలుగు నేర్చి, తెలుగులోనే బోధించిరి. 1912 డిసెంబరు 29న కలకత్తాలో అధ్యక్షులుగా అభిషేకింపబడిరి. ఆంగ్లికన్ సంఘములో ఆ స్థానము పొందిన మొదటి భారతీయుడు ఆయనే.

మాల, మాదిగ పల్లెలనుండి కుటుంబములకు కుటుంబములే ప్రభువునొద్దకు వచ్చుచుండిన దినములవి. గురువులు కొద్దిమంది. అజరయ్యగారు విదేశములవైపు చూడక పల్లెలవైపే చూచిరి. బడి చెప్పుచు, ప్రార్థన జరిగించుచు నమ్మకముగా నిలిచిన ఉపదేశులను ఏరి, డోర్నకల్‌లో తర్ఫీదు ఇప్పించి గురువులుగా అభిషేకించిరి. వారి భార్యలకును చదువు చెప్పించిరి. గురువుగారి ఇల్లు సరిగా లేనిచో పల్లె బాగుపడదని ఆయన ఎరుగుదురు. ఈ సంగతి మనము నేటికిని తక్కువగా తలంచుచున్నాము.

అంతకంటె గొప్ప పని మరియొకటి చేసిరి. బాప్తిస్మము పొందువారు తమ తలపై తామే చేయి ఉంచుకొని, తాము బాప్తిస్మము పొందినవారమనియు, సువార్త ప్రకటింపకపోయిన తమకు శ్రమయనియు ఒప్పుకొనవలెను. మొదటి కొరింథీ పత్రిక 9వ అధ్యాయములోని పౌలు తలంపే ఇది. ఈ ఒప్పుకోలు ఉపదేశికి మాత్రమే కాదు, అక్షరమురాని కూలివానికిని అదే. ఏటేట సాక్ష్యపు వారములు జరిగినప్పుడు ఆడవారు, మగవారు గుంపులుగా పొరుగూళ్లకు పోయి పాటలు పాడుచు సాక్ష్యమిచ్చుచుండిరి.

బీదవారు ఏమి ఇయ్యగలరని ఆయన విడిచిపెట్టలేదు. వండుకొను బియ్యములోనుండి పిడికెడు ప్రభువు కొరకు తీసి ఉంచుట నేర్పిరి. క్రైస్తవ దాతృత్వముపై గ్రంథమే వ్రాసిరి. క్రమశిక్షణలో కఠినులు. అది రుచింపనివారును లేకపోలేదు. ఎడ్లబండిమీద ఊరూరు తిరిగి మద్యము, అప్పు, రోగము, అశుభ్రతలతో పోరాడిన ఆయనను మెత్తనివాడనుట పొరపాటు.

డోర్నకల్‌లోని ఎపిఫనీ దేవాలయము 1939 జనవరి 6న ప్రతిష్ఠింపబడినది. గుడివలెను మసీదువలెను కూడ తోచు ఈ కట్టడములో ఆయన మనస్సు కనబడును. 1945 జనవరి 1న ప్రభువునందు నిద్రించిరి. ఆయన యేండ్ల తరబడి పాటుపడిన దక్షిణ ఇండియా సంఘము 1947 సెప్టెంబరు 27న ఏర్పడునప్పటికి ఆయన లేరు. పల్లెలలో ఆయన అభిషేకించిన గురువులు ఆరాధన జరిగించుచునే యుండిరి.